తెడ్లు వేసేవాళ్ళకి ఎవరు చెప్పాలి?

గ్రీకు కవి హోమర్ ఒడిస్సీ కావ్యం మొదటి పది పంక్తుల్లోనే ఒక తీర్పు వినబడుతుంది. ట్రోయ్ యుద్ధం నుంచి ఓడల్లో తిరిగొస్తున్న ఇథాకా రాజు ఒడిస్సియస్ తన వెంట ఉన్నవాళ్ళని ఎలాగైనా ఇంటికి చేర్చాలని నానా పాట్లూ పడ్డాడట. అయినా వాళ్ళు బుద్ధి గడ్డి తిని చచ్చారట. సూర్యదేవుడు హీలియోస్ ఆవుల్ని కోసుకు తిన్న మూర్ఖులట. అప్పటికి కథ మొదలే కాలేదు. ఓడ కనబడలేదు, నావికుల్లో ఒక్కడి పేరైనా మనకి తెలియదు. తప్పెవరిదో మాత్రం హోమర్ తేల్చేశాడు.

ఈ తీర్పు నాకు మింగుడుపడదు. ముందు లెక్క చూడండి. ట్రోయ్ యుద్ధం ముగిసి బయల్దేరినప్పుడు ఒడిస్సియస్ వెంట ఉన్నవి 12 ఓడలు. ఆ తర్వాత కిర్కే అనే మాయలాడి దీవిలో దిగినప్పుడు, మిగిలిన ఒక్క ఓడ మనుషుల్ని అతను రెండు జట్లు చేస్తాడు. ఒక్కో జట్టులో నాయకుడు కాక 22 మంది. అంటే మొత్తం 46. దారిలో ఆ ఓడ నుంచి పోయినవాళ్ళని కలుపుకుంటే మొదట్లో ఓడకి అరవై మంది దాకా ఉండాలి. పన్నెండు ఓడలకి ఆరేడు వందల మంది. వీళ్ళలో హీలియోస్ ఆవుల్ని తిన్నది చిట్టచివరికి మిగిలినవాళ్ళే, నలభైకి లోపు. మిగతావాళ్ళకి ఆ ఆవులు ఏ దీవిలో మేస్తున్నాయో కూడా తెలియదు.

ఎక్కువమంది పోయింది లెస్ట్రిగోనియన్లనే రాక్షసుల రేవులో. చుట్టూ నిటారు కొండలు, లోపలికి ఇరుకైన దారి, నీళ్ళు అద్దంలా కదలకుండా ఉన్నాయి. పదకొండు ఓడలూ లోపలికి వెళ్ళి పక్కపక్కనే ఆగాయి. ఒడిస్సియస్ ఒక్కడే తన ఓడని రేవు బయట ఒక రాతికి కట్టాడు. ఎందుకు కట్టాడో చెప్పడు. ఏదో అనుమానం వచ్చే ఉంటుంది. వచ్చిన అనుమానాన్ని పక్క ఓడవాడి చెవిన వేసినట్టు కావ్యంలో ఎక్కడా లేదు. కాసేపటికి రాక్షసులు కొండల మీంచి బండలు విసిరి ఓడల్ని పగలగొట్టి, మనుషుల్ని చేపల్ని పొడిచినట్టు పొడిచి పట్టుకుపోతుంటే, అతను కత్తితో తాడు తెంచుకుని బయటపడ్డాడు. ఆ పదకొండు ఓడల వాళ్ళ చావుకీ ఆవులకీ ఏమిటి సంబంధం?

హోమర్ తీర్పు వెనక ఒక సూత్రం లేకపోలేదు. మొదటి భాగంలోనే దేవతల రాజు జ్యూస్ వాళ్ళ సభలో విసుక్కుంటాడు: మనుషులు ప్రతి కష్టానికీ మనల్ని ఆడిపోసుకుంటారు, తమ తప్పు చూసుకోరు అని. ఈజిస్థస్ అనేవాణ్ణి ఉదాహరణగా తీసుకుంటాడు. అగమెమ్నాన్ రాజుని చంపొద్దు, అతని భార్యని చేసుకోవద్దు, చేస్తే కొడుకు వచ్చి పగ తీర్చుకుంటాడు అని దేవదూత హెర్మిస్‌ని పంపి మరీ చెప్పించాం. వినలేదు. అనుభవించాడు. చెప్పారు, వినలేదు, పోయారు. ఒడిస్సీలో సముద్రం మీద జరిగే ప్రతి చావునీ మనం ఈ మూస ప్రకారమే చదవడానికి అలవాటుపడ్డాం. కానీ ఈజిస్థస్ దగ్గరికి హెర్మిస్ స్వయంగా వెళ్ళి, ఎదురుగా నిలబడి చెప్పాడు. ఓడలో తెడ్లు వేసేవాళ్ళకి అలా ఎవరూ చెప్పలేదు. వాళ్ళకి అందాల్సిన హెచ్చరికలన్నీ ఒకే ఒక్క మనిషి దగ్గరికి వచ్చాయి. అతను ఏది చెప్పాడు, ఏది మింగేశాడు అన్నదే నా దృష్టిలో ఆ ప్రయాణపు అసలు కథ.

గాలిమూట సంగతి అందరికీ తెలిసిందే. గాలులకి అధిపతి ఏయోలస్, ఎదురుగాలులన్నిటినీ ఒక తోలుసంచిలో బిగించి ఒడిస్సియస్‌కి ఇచ్చాడు. తొమ్మిది రోజులు రాత్రింబవళ్ళు అతనే ఓడ నడిపాడు, తెరచాప తాడు ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. పదో రోజున సొంతవూరు ఇథాకా కనబడింది. తీరంలో మంటలు వేసుకున్న మనుషులు కనబడేంత దగ్గర. సరిగ్గా అప్పుడు అతను నిద్రలోకి జారుకున్నాడు. సంచిలో బంగారం, వెండి ఉన్నాయనుకుని మనవాళ్ళు విప్పేశారు. దురాశ అంటారు అందరూ. ఒప్పుకుంటాను, దురాశే. కానీ పదిరోజుల పాటు ఆ సంచి అందరి కళ్ళ ముందూ ఉంది. ‘ఇందులో గాలులున్నాయి, ముట్టుకుంటే మునుగుతాం’ అన్న ఒక్క మాట చాలేది. ఆ మాట అతను అనలేదు.

ఇంక పన్నెండో భాగానికి వద్దాం. నా పేచీ అంతా అక్కడే ఉంది.

ఒడిస్సియస్ పాతాళానికి వెళ్ళి, చనిపోయిన జోస్యుడు టైరీసియస్‌ని కలిసి, తిరిగి కిర్కే దీవికి వస్తాడు. రాత్రి మిగతావాళ్ళంతా ఓడ తాళ్ళ పక్కన పడుకున్నారు. కిర్కే అతన్ని చెయ్యి పట్టుకుని వాళ్ళకి దూరంగా తీసుకెళ్ళి కూర్చోబెట్టి, రాబోయే ప్రమాదాలన్నీ వరసగా చెప్పింది. మొదట సైరెన్లు, పాటతో మనుషుల్ని రప్పించుకుని చంపేవాళ్ళు. పచ్చిక మీద కూర్చుని పాడతారు, చుట్టూ కుళ్ళుతున్న మనుషుల ఎముకల గుట్టలు. వాళ్ళని దాటాక రెండు దారులు. ఒకటి తిరుగాడే బండల దారి. జ్యూస్‌కి అమృతం మోసుకెళ్ళే పావురాలు కూడా అక్కడ ప్రతిసారీ ఒకటి తగ్గుతాయి. ఇప్పటిదాకా ఆ దారిన బయటపడ్డ ఓడ, జేసన్ అనే వీరుడి ఆర్గో ఒక్కటే. రెండో దారిలో ఎదురెదురుగా రెండు కొండలు. ఒక కొండ గుహలో స్కిల్లా ఉంటుంది. పన్నెండు కాళ్ళు, ఆరు పొడుగాటి మెడలు, ఒక్కో నోట్లో మూడు వరసల పళ్ళు, గొంతు మాత్రం అప్పుడే పుట్టిన కుక్కపిల్లది. రెండో కొండ కింద కారిబ్డిస్ అనే సుడిగుండం. రోజుకి మూడుసార్లు సముద్రాన్ని మింగుతుంది, మూడుసార్లు కక్కుతుంది. అందర్నీ పోగొట్టుకోవడం కన్నా ఆరుగుర్ని పోగొట్టుకోవడం మేలు, కాబట్టి స్కిల్లా పక్కనుంచే పో, అంది కిర్కే. స్కిల్లాతో పోరాడి ఆపలేనా అని అతను అడిగితే కసిరింది. అది చావులేని పీడ, దాని ముందు పారిపోవడమే మంచి పద్ధతి అని. చివరగా త్రినాకియా దీవి. అక్కడ హీలియోస్ ఆవులు, గొర్రెలు. ముట్టుకోకపోతే ఎన్ని కష్టాలు పడ్డా ఇల్లు చేరతారు. ముట్టుకుంటే ఓడా పోతుంది, మనుషులూ పోతారు. ఈ మాట టైరీసియస్ కూడా అంతకుముందే చెప్పాడు.

ఈ ఇరుకు దారి ఎక్కడుందో అని పాతకాలం నుంచీ వెతుకుతూనే ఉన్నారు. సిసిలీకీ ఇటలీకీ మధ్య ఉన్న మెస్సీనా జలసంధి అని గ్రీకు చరిత్రకారుడు తుసిడైడిస్ కాలానికే జనం అనుకునేవాళ్ళు. ఇరుకైన చోట దాని వెడల్పు 3 కిలోమీటర్లే. రెండు సముద్రాల పోటుపాట్లు వేర్వేరు వేళల్లో వచ్చి అక్కడ నిజంగానే సుడులు తిరుగుతాయి. ఇటలీ ఒడ్డున షిల్లా అనే ఊరు ఇప్పటికీ ఉంది. గ్రీకు పండితుడు ఎరటోస్థనీస్ మాత్రం ఈ వెతుకులాటని ఒక్క వేళాకోళంతో కొట్టిపారేశాడు: ఆ గాలిమూట కుట్టిన చెప్పులవాడెవరో కనిపెట్టండి, ఒడిస్సియస్ ఎక్కడెక్కడ తిరిగాడో అప్పుడు చెబుతాను అని. నా ఓటు ఎరటోస్థనీస్‌కే.

మర్నాడు ఓడ కదిలింది. ఒడిస్సియస్ లేచి తనవాళ్ళతో ఒక మాట అన్నాడు. నాకు తెలిసి మొత్తం కావ్యంలో ఒక నాయకుడు అన్న అత్యంత గొప్ప మాట అదే. కిర్కే చెప్పిన జోస్యాలు ఒక్కడికో ఇద్దరికో మాత్రమే తెలిసి ఉండటం న్యాయం కాదు, మీకూ చెబుతాను, అప్పుడు చస్తే తెలిసే చద్దాం, లేదా తప్పించుకుని బతుకుదాం అన్నాడు. చదువుతుంటే ఒళ్ళు పులకరిస్తుంది. ఆ వెంటనే అతను చెప్పింది సైరెన్ల గురించి. అంతే. అక్కడ ఆపేశాడు.

చెప్పినందుకు ఫలితం చూడండి. గాలి పడిపోయింది, సముద్రం నిశ్చలమైంది. అతను మైనపు ముద్దని కత్తితో ముక్కలు చేసి, చేతుల్లో పిసికి, ఎండకి మెత్తబడ్డాక ఒక్కొక్కరి చెవుల్లో పెట్టాడు. వాళ్ళు అతన్ని తెరచాప కొయ్యకి కట్టేశారు. ట్రోయ్‌లో జరిగిందంతా మాకు తెలుసు, భూమి మీద జరిగేదంతా తెలుసు, ఇటు రా అని సైరెన్లు పాడారు. విప్పమని అతను కనుబొమలతో సైగ చేశాడు. నావికుల్లో పెరిమిడిస్, యూరిలోకస్ అనేవాళ్ళు లేచి కట్లు ఇంకాస్త బిగించారు. ఒక్కరు కూడా పోలేదు. ఏం రాబోతోందో, ఎవరు ఏం చెయ్యాలో అందరికీ తెలిసిన ప్రమాదం ఆ రోజు మొత్తంలో ఇదొక్కటే. ప్రాణనష్టం లేకుండా దాటిన ప్రమాదం కూడా ఇదొక్కటే. ఇందులోనూ ఒక చిన్న అబద్ధం ఉంది లెండి. కిర్కే అన్నది ‘నీకు వినాలనిపిస్తే’ అని. అతను తనవాళ్ళకి చెప్పింది ‘నన్ను మాత్రం వినమంది’ అని. సరదా కోసం చేస్తున్నదాన్ని ఆజ్ఞ చేసేశాడు. బ్రిటిష్ మ్యూజియంలో క్రీస్తుపూర్వం 480-470 నాటి ఒక ఎర్రబొమ్మల కూజా ఉంది. కొయ్యకి కట్టిన ఒడిస్సియస్, కొండ మీద పక్షి ఒళ్ళు ఉన్న సైరెన్లు, వాళ్ళలో ఒకత్తె ఓడ మీదుగా తలకిందులుగా పడిపోతూ ఉంటుంది. హోమర్ వాళ్ళ రూపం గురించి ఒక్క ముక్క చెప్పలేదు. రెక్కలు తర్వాతివాళ్ళు తొడిగారు.

సైరెన్లని దాటిన కాసేపటికే పొగ, కెరటాల హోరు. తెడ్లు చేతుల్లోంచి జారిపోయాయి. ఒడిస్సియస్ ఓడంతా తిరిగి ధైర్యం చెప్పాడు. ఒంటికన్ను రాక్షసుడు సైక్లాప్స్ గుహలోంచి బయటపడ్డాం, దీన్నీ దాటతాం అన్నాడు. స్కిల్లా పేరెత్తలేదు. ఎందుకో కూడా తనే చెబుతాడు: చెబితే తెడ్లు వదిలేసి ఓడ అడుగున దాక్కుంటారని. తను మాత్రం కిర్కే వద్దన్న మాట మరిచి కవచం తొడుక్కుని, రెండు ఈటెలు పట్టుకుని ముందుభాగంలో నిలబడ్డాడు. తనకి తెలుసు కాబట్టి ఆయుధం పట్టుకున్నాడు. పక్కనున్నవాళ్ళకి తెలియదు కాబట్టి వాళ్ళ చేతుల్లో తెడ్లే ఉన్నాయి. అందరూ భయంతో కారిబ్డిస్ వైపు చూస్తుంటే ఇటునుంచి స్కిల్లా ఆరుగుర్ని ఎత్తుకుపోయింది. వాళ్ళు గాల్లో కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ అతన్ని పేరు పెట్టి పిలిచారు. గట్టు మీద కూర్చున్న జాలరి గాలంతో చేపని లాగినట్టు లాగేసిందంటాడు. సముద్రం మీద తిరిగినన్నాళ్ళూ చూసినవాటిలో ఇంతకన్నా జాలిగొలిపేది లేదంటాడు.

చెప్పకపోవడాన్ని సమర్థించేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆరుగురు పోతారని ముందే తెలిస్తే ఓడ ఆగేది, ఆగితే స్కిల్లా ఇంకో ఆరుగురి కోసం వచ్చేది, లేదా ఓడంతా సుడిలో పడేది. ఆ వాదనని నేను తేలిగ్గా తీసుకోను. మన ఇళ్ళలో ప్రతి తరంలోనూ ఇదే వాదన నడుస్తుంది. మా పెదనాన్నకి క్యాన్సర్ అని తేలినప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళంతా కూర్చుని ఆయనకి చెప్పకూడదని నిర్ణయించారు. కడుపులో పుండు, మందులు వాడితే తగ్గుతుందన్నారు. ఉన్న నాలుగు రోజులూ టెన్షన్ లేకుండా ఉంటాడు కదా అన్నది వాళ్ళ ఉద్దేశం, మంచి ఉద్దేశమే. ఆయన ఇల్లు ఇద్దరు కొడుకులకీ ఎలా పంచాలో తర్వాత చూద్దాం, ముందు ఆరోగ్యం కుదుటపడనీ అంటూ వచ్చాడు. కాగితం రాయకుండానే పోయాడు. ఇప్పుడు ఆ అన్నదమ్ములు ఒకరి ఇంట్లో పెళ్ళికి ఒకరు వెళ్ళరు. దాచినందువల్ల ఆయనకి మిగిలిన ప్రశాంతత ఎంతో కొలవలేం. పోయిందేమిటో మాత్రం రోజూ కనబడుతోంది.

దీనికి జవాబు ఒడిస్సీలోనే ఒకచోట దొరుకుతుంది. ఇరవయ్యేళ్ళ తర్వాత భార్యాభర్తలు కలిసిన రాత్రి, ఇంకా ఒక కష్టం మిగిలి ఉంది, టైరీసియస్ చెప్పాడు అంటాడు ఒడిస్సియస్. ఏమిటది అంటుంది పెనెలోపి. ఎలాగూ తర్వాతైనా నాకు తెలియాల్సిందే కదా, ఇప్పుడే తెలిస్తే నష్టమేముంది అంటుంది. అతను కాస్త సణిగి, నీకు సంతోషం కలిగించే కబురు కాదు, నాకూ కాదు అంటూనే, మొత్తం చెప్పేస్తాడు: తెడ్డు భుజాన వేసుకుని, సముద్రమంటే తెలియని జనం ఉండే చోటు దాకా నడిచి వెళ్ళాలని, అక్కడ ఎవరో ఆ తెడ్డుని చూసి తూర్పారబట్టే చేట అనుకుంటారని. భార్య అడిగింది కాబట్టి దాచలేకపోయాడు. తెడ్లు వేసేవాళ్ళకి అడగాలని కూడా తెలియదు.

స్కిల్లా దగ్గర నోరు మూసుకోవడం ఒక్క పూట లెక్కలో గిట్టుబాటే కావచ్చు. దాని ఖరీదు సాయంత్రం త్రినాకియాలో కట్టాల్సి వచ్చింది. స్కిల్లాని దాటగానే ఆ దీవి వచ్చేసింది. ఒడిస్సియస్ ఇక్కడ చెప్పాడు, కాదనను. టైరీసియస్, కిర్కే ఇద్దరూ ఈ దీవి దగ్గరికే వెళ్ళొద్దన్నారు, ఇక్కడ మనకి ఘోరమైన ఆపద ఉంది, ఓడని పక్కనుంచి పోనివ్వండి అన్నాడు. యూరిలోకస్ అడ్డం తిరిగాడు. నువ్వు ఇనుముతో చేసిన మనిషివి, మేం కాదు, రాత్రిపూట గాలిదుమారం లేస్తే ఎక్కడ తలదాచుకుంటాం, ఒడ్డున దిగి వండుకుని తెల్లారి పోదాం అన్నాడు. అందరూ అతని పక్షమే. ఆవుల్ని ముట్టుకోమని ఒట్టు వేయించుకుని ఒడిస్సియస్ ఒప్పుకున్నాడు. ఆ రాత్రి అన్నాలు తిన్నాక, స్కిల్లా తినేసిన ఆరుగుర్నీ తలుచుకుని ఏడుస్తూ ఏడుస్తూ నిద్రపోయారని హోమర్ రాశాడు.

ఈ ఒక్క వాక్యం నా వాదనకి చాలు. అదే రోజు పొద్దున, తెలిసి చద్దాం లేదా తెలిసి బతుకుదాం అన్నవాడు, మధ్యాహ్నం ఒక్క మాట అనకుండా ఆరుగుర్ని బలి ఇచ్చాడు. సాయంత్రం అదే మనిషి వచ్చి, నన్ను నమ్మండి, ఈ దీవిలో ప్రమాదం ఉంది అంటే ఎవరు నమ్ముతారు? పోనీ నమ్మారే అనుకుందాం. ఎంత ప్రమాదమో, ఏ మాట ఎక్కడ మింగేస్తున్నాడో వాళ్ళకి ఎలా తెలుస్తుంది? ఆ తర్వాత నెలరోజులు దక్షిణపు గాలి ఆగలేదు, ఓడ కదల్లేదు. తెచ్చుకున్న తిండి అయిపోయింది. గాలాలతో చేపలు, దొరికితే పిట్టలు. ఒడిస్సియస్ దేవుళ్ళని వేడుకోవడానికి దూరంగా వెళ్ళి మళ్ళీ నిద్రపోయాడు. యూరిలోకస్ లేచి, ఏ చావైనా చావే కానీ ఆకలిచావు అన్నిటికన్నా హీనం, ఈ దీవిలో రోజూ కొంచెం కొంచెం చచ్చేకన్నా ఒక్కసారి కెరటం మింగి చావడం నయం అన్నాడు. ఆవుల్ని కోశారు. బలిలో చల్లడానికి బార్లీ లేక సిందూర వృక్షం ఆకులు చల్లారు, ద్రాక్షసారా లేక నీళ్ళు పోశారు. ఇథాకా చేరాక హీలియోస్‌కి గుడి కట్టిద్దామని కూడా అనుకున్నారు. వలిచిన తోళ్ళు పాకాయి, ఊచలకి గుచ్చిన మాంసం అంబా అని అరిచింది. ఆరు రోజులు తిన్నారు, ఏడో రోజు గాలి ఆగిందని బయల్దేరారు. జ్యూస్ పిడుగు వేశాడు. ఒడిస్సియస్ ఒక్కడే విరిగిన కొయ్య పట్టుకుని మిగిలాడు.

యూరిలోకస్‌ని అందరూ విలన్‌గా చూస్తారు. నాకు అతని మీద ఒక సానుభూతి ఉంది. కిర్కే ఇంట్లోకి వెళ్ళినవాళ్ళంతా పందులైపోతే, అనుమానించి బయటే ఆగి, పరుగెత్తుకొచ్చి చెప్పింది అతనే. ఆ తర్వాత అందర్నీ మళ్ళీ ఆ ఇంటికే రమ్మంటే, వెళ్ళొద్దు, సైక్లాప్స్ గుహలో మనవాళ్ళు పోయింది కూడా ఈ మనిషి తెగింపు వల్లే అని అడ్డుపడ్డాడు. దగ్గరి బంధువని కూడా చూడకుండా ఒడిస్సియస్ కత్తి దూసి అతని తల నరకబోయాడు, మిగతావాళ్ళు ఆపారు. సైక్లాప్స్ విషయంలో యూరిలోకస్ అన్నది నిజమే. ఆ గుహలో జున్ను, మేకపిల్లలు తీసుకుని వెంటనే పోదాం పద అని మనవాళ్ళు బతిమాలారు. గుహ యజమాని ఎవరో చూడాలని ఒడిస్సియస్ ఆగాడు. ఆరుగురు ఆ సైక్లాప్స్ కడుపులోకి పోయారు. తప్పించుకుని ఓడెక్కాక, ఇంక రెచ్చగొట్టకు అని మళ్ళీ బతిమాలారు. అతను తన పేరు, తండ్రి పేరు, ఊరు పేరు అరిచి మరీ చెప్పాడు. పేరు తెలిసింది కాబట్టే ఆ సైక్లాప్స్, పాలిఫీమస్, తన తండ్రి అయిన సముద్రదేవుడు పొసైడన్‌ని పిలిచి, వీడు ఇల్లు చేరకూడదు, చేరినా ఆలస్యంగా, తనవాళ్ళందర్నీ పోగొట్టుకుని, పరాయి ఓడలో చేరాలి అని శపించగలిగాడు. అలాగని తెడ్లవాళ్ళు అమాయకులని కాదు. సికోనియన్ల ఊరు దోచుకున్నాక వెంటనే బయల్దేరదాం అని ఒడిస్సియస్ అంటే, తాగుతూ కూర్చుని ఓడకి ఆరుగురి చొప్పున పోగొట్టుకున్నారు. అక్కడ తప్పు పూర్తిగా వాళ్ళది. కానీ కింద నుంచి పైకి వెళ్ళిన హెచ్చరికలని నాయకుడు పెడచెవిన పెట్టిన లెక్క మొదటి పది పంక్తుల తీర్పులో ఎందుకు లేదు?

ఇంకో మాట కూడా అనాలి. తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఉన్న భాగాల్లోని ఈ కథంతా మనకి చెబుతున్నది ఒడిస్సియస్సే. ఫియేషియన్ల రాజు అల్కినోస్ కొలువులో, ఇంటికి చేర్చే ఓడ అడగడానికి కూర్చుని చెప్పిన కథ. వినేవాళ్ళలో ఆ ప్రయాణం చూసినవాడు ఒక్కడూ లేడు, సాక్షులందరూ పోయారు. అసలు స్వర్గంలో హీలియోస్ జ్యూస్‌తో మొరపెట్టుకున్న సంగతి ఇతనికెలా తెలిసిందని ఎవరైనా అడుగుతారేమోనని ముందే జాగ్రత్తపడ్డాడు: కలిప్సో అనే దేవత చెప్పింది, ఆమెకి హెర్మిస్ చెప్పాడు అని. ఇలాంటి కథకుడు కూడా స్కిల్లా గురించి తనవాళ్ళకి చెప్పలేదని ఒప్పుకున్నాడంటే, దాన్ని అతను తప్పుగా అనుకోలేదన్నమాట. తెలివిగా అనుకున్నాడు.

హోమర్ తర్వాత కొన్ని శతాబ్దాలకి, క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో, అలెగ్జాండ్రియా గ్రంథాలయాధికారి అపోలోనియస్ ఆర్గో ఓడ ప్రయాణం మీద నాలుగు భాగాల కావ్యం రాశాడు. హోమర్‌ని కంఠతా పట్టినవాడు రాసిన కావ్యమది. అది ఒడిస్సియస్ మౌనానికి జవాబని నేను చదువుకుంటాను. అందులో ఫినియస్ అనే గుడ్డి జోస్యుడు ఉంటాడు. జ్యూస్ మనసులోని మాటలన్నీ దాచకుండా జనానికి చెప్పేసినందుకు శిక్ష అనుభవిస్తున్నాడు. కంచంలో అన్నం పెట్టుకుంటే హార్పీలనే రెక్కల రాక్షసులు వచ్చి లాక్కుపోతాయి, మిగిలింది కంపు చేసి పోతాయి. ఉత్తరపు గాలి కొడుకులు జీటస్, కలైస్ వాటిని తరిమారు. కడుపునిండా తిన్న ఫినియస్, ఆ రాత్రి మంట పక్కన ఓడవాళ్ళందరి మధ్యా కూర్చుని దారంతా చెప్పాడు. ఢీకొనే బండల మధ్యకి ముందు ఒక పావురాన్ని వదలండి, అది దాటితే ప్రాణం పెట్టి తెడ్లు వెయ్యండి, దేవుణ్ణి తర్వాత మొక్కొచ్చు, అది చస్తే వెనక్కి తిరగండి అని. చివరిదాకా మాత్రం చెప్పలేదు. మళ్ళీ ఆ తప్పు చెయ్యను, మనుషులకి కొంత తెలియకుండా ఉండాలని జ్యూస్ కోరిక అన్నాడు. తను చెప్పనిది ఉందని చెప్పడం నాకు నచ్చిన నిజాయితీ. పావురాన్ని యుఫీమస్ వదిలాడు. దాని తోక ఈకల చివర్లు తెగాయి. తర్వాత ఎథీనా దేవత వెనక నుంచి ఒక తోపు తోయగా ఓడ దాటింది, వెనక కొమ్ము అలంకారం మాత్రం తెగింది. ఎక్కడా ఎవరూ తెడ్డు వదిలి దాక్కోలేదు. ఒడిస్సియస్ ఏం భయపడ్డాడో అది ఇక్కడ జరగలేదు.

అన్నీ తెలిస్తే అందరూ బతుకుతారని కాదు. ఫినియస్ చెప్పని చోట చుక్కాని పట్టే టిఫిస్ జబ్బుచేసి పోయాడు, ఇడ్మాన్‌ని అడవిపంది చంపింది. ఇడ్మాన్ జోస్యుడు, ఈ ప్రయాణంలో తను పోతానని తెలిసే ఎక్కాడు. సైరెన్ల దగ్గర ఓడలోని గాయకుడు ఆర్ఫియస్ వీణ మీటి వాళ్ళ పాటని ముంచేసినా బ్యూటెస్ అనేవాడు నీళ్ళలోకి దూకనే దూకాడు, ప్రేమదేవత ఆఫ్రొడైటి దయతలచి తీసుకుపోయింది. ఆర్గో నాయకుడు జేసన్ కూడా గొప్ప నాయకుడేం కాదు, మాటిమాటికీ డీలాపడతాడు. కానీ ప్రయాణం గమ్యమైన కోల్కిస్ చేరాక మూడో భాగంలో అతను అనే మాట విని తీరాలి. పని అందరిదీ, కాబట్టి మాట కూడా అందరిదీ, మనసులో ఉన్న ఆలోచనని చెప్పకుండా దాచుకునేవాడు ఈ బృందం ఇల్లు చేరే దారిని తనొక్కడే లాక్కున్నవాడవుతాడు అంటాడు. ఇది నేరుగా ఒడిస్సియస్ మొహం మీద అన్నట్టే ఉంటుంది నాకు.

తేడా ఎక్కడుందో కూడా చూడాలి. ఆర్గోలో తెడ్లు వేసేవాళ్ళు రాజకుమారులు, దేవుళ్ళ పిల్లలు. నాయకుడు ఎవరు కావాలో కూడా వాళ్ళే ఎంచుకున్నారు. మొదట హెరాక్లిస్ పేరు పలికారు, అతను కాదని జేసన్‌ని చూపించాడు. అలాంటివాళ్ళకి చెప్పకుండా దాచడం కుదరదు. ఒడిస్సియస్ ఓడలో ఉన్నవాళ్ళు చాలావరకు మామూలు మనుషులు, రాజు పిలిస్తే యుద్ధానికి వచ్చినవాళ్ళు. ఎవరికి చెప్పాలన్నది వాళ్ళ భయాన్ని బట్టి కాక వాళ్ళ హోదాని బట్టి తేలిందని నా అనుమానం.

మన రామాయణంలో కూడా సముద్రం మీద ఒక హెచ్చరిక ఉంది. దక్షిణ సముద్రం మధ్యలో నీడని పట్టి లాగి తినే రాక్షసి ఉందని సుగ్రీవుడు కిష్కింధలో, దక్షిణానికి పంపుతున్న వానరులందరి ముందూ చెప్పాడు. అక్కడి నుంచి సముద్రం దాటింది హనుమంతుడొక్కడే. ఆకాశంలో ఎవరో తన నీడని పట్టి ఆపినట్టనిపించగానే, కపిరాజు చెప్పింది దీని గురించే అని అతనికి గుర్తొచ్చింది. ఎవరికి పనికొస్తుందో ముందే తెలియని మాటని సుగ్రీవుడు అందరికీ చెప్పి పంపాడు.

ఇంక ఆ పరాయి ఓడ సంగతి. పాలిఫీమస్ శాపం ప్రకారం ఒడిస్సియస్‌ని ఇంటికి చేర్చింది ఫియేషియన్లు. వాళ్ళకీ ఒక హెచ్చరిక ఉంది. అడిగినవాడినల్లా దాటిస్తున్నారని పొసైడన్‌కి కోపం వచ్చి, ఏదో ఒకనాడు తిరిగొచ్చే ఓడని పగలగొట్టి, ఊరి మీద కొండ కప్పేస్తాడని అల్కినోస్ తండ్రి చెప్పేవాడు. అల్కినోస్ ఆ మాటని ఒడిస్సియస్ ఎదుటే, కొలువు నిండా జనం తింటూ తాగుతూ ఉండగా చెప్పాడు. దేవుడు చేస్తే చెయ్యనీ, లేకపోతే లేదు అన్నాడు. ఓడ నడపడానికి ఎంచిన 52 మంది కుర్రాళ్ళని కూడా ఆ రోజు విందుకే పిలిచారు. వాళ్ళు ఒడిస్సియస్‌ని నిద్రలోనే ఇథాకా ఒడ్డున దించి, కానుకలన్నీ ఒక చెట్టు మొదట్లో పేర్చి తిరిగి వెళ్ళారు. తమ రేవు కనబడేంత దగ్గరలో పొసైడన్ ఓడని రాయి చేసేశాడు. ఇక్కడ నిద్రలేచిన ఒడిస్సియస్ తన ఊరిని తనే గుర్తుపట్టలేక, ఆ ఫియేషియన్లు ఎక్కడో దించేసి మోసం చేశారని తిట్టుకుని, కానుకల్లో ఏమైనా కొట్టేశారేమోనని లెక్కపెట్టుకున్నాడు. అన్నీ ఉన్నాయి.

ఆ 52 మందినీ మాత్రం నేను ఒడిస్సియస్ ఖాతాలో వెయ్యను. వాళ్ళకి చెప్పినవాళ్ళున్నారు. విని, ఓడెక్కారు.